నలుగురు నేసిన చీర

పోయిన వారం చంద్రకళను గద్వాల దవాఖానలో మంచం మీద పడుకోబెట్టి మనం ఎవరి దారిన వాళ్లం వెళ్లిపోయాం. జ్వరంతో మూలుగుతున్న పిల్లను అలా వదిలేసి రావడం మర్యాద కాదు, ఒప్పుకుంటాను. కానీ పత్రికలో మన పేజీలు అయిపోతే ఎంత జ్వరమైనా వారం దాకా ఆగాల్సిందే కదా! కంగారు పడకండి, జ్వరం తగ్గింది. తగ్గనిది ఇంకొకటుంది.

కర్నూలు లా కాలేజీలో చంద్రకళకు సీటొచ్చింది. శనివారం సాయంత్రంలోగా మొదటి ఏడాది ఫీజు కట్టాలి. కట్టకపోతే ఆ సీటు వెనకాల కాచుకుని కూర్చున్న ఇంకెవరికో పోతుంది. అప్పు చేసి కడదామా అంటే ఆ ఇంట్లో ఆ మాటే ఎత్తకూడదు. చంద్రకళ తల్లి జబ్బు పడ్డప్పుడు తండ్రి కురుమూర్తి ఎల్లన్న సేటు దగ్గర బయానా, అంటే చీరలు నేసి తీర్చాల్సిన ముందస్తు సొమ్ము, తీసుకున్నాడు. తల్లి దక్కలేదు, బయానా మాత్రం ఏళ్లకేళ్లు మగ్గాన్ని పట్టుకుని వేలాడింది. అది తీరిన రోజునే తండ్రీ కూతుళ్లు దేవుడి పటం ముందు ఒట్టేసుకున్నారు, ఇక ఎవరి దగ్గరా చెయ్యి చాచకూడదని. ఆ ఒట్టు మీదే చంద్రకళ తన చదువుకు లెక్క వేసుకుంది. ఏడాదికొక మంచి చీర, సొంత నూలుతో, సొంత చేత్తో నేస్తే ఆ ఏడాది ఫీజు వస్తుంది. పొద్దున రైల్లో కాలేజీకి పోయి సాయంత్రం మగ్గం గుంటలో దిగొచ్చు. మూడు చీరలు నేస్తే వకీలు. వినడానికి ఎంత బాగుందో చూడండి.

మొదటి చీర నేయమని వనపర్తిలో చీరలమ్మే సుల్తానాబీ చెప్పింది. అక్కడ ఒక పెద్దింటి పెళ్లికూతురికట. సగం నేశాక చంద్రకళ మగ్గం మీదే వొళ్లు తూలి పడిపోయింది. అక్కడి నుంచే కదా దవాఖానకు చేరింది.

బుధవారం పొద్దున రిక్షా దిగి తండ్రి భుజం పట్టుకుని ఇంట్లోకి వచ్చిన చంద్రకళ దేవుడికి దండం పెట్టలేదు, మంచినీళ్లు అడగలేదు. నేరుగా మగ్గం వైపు చూసింది. చూసి అక్కడే నిలబడిపోయింది.

"అవ్వా! చీర అయిపోయిందే!"

సాయమ్మ అవ్వ దిష్టి తీయడానికి ఎర్రనీళ్లు పట్టుకుని ఎదురుగా నిలబడి ఉంది. మనవరాలి మాట వినగానే తల ఎత్తి ఇంటి దూలాల వైపు చూడటం మొదలుపెట్టింది.

"ఏమో బిడ్డా. నాకేం తెల్సు?"

నిజంగానే చీర అయిపోయింది. చివరి అంచు దాకా నేసి ఉంది, కోయడమే తరువాయి. చంద్రకళకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. దవాఖానలో పడుకున్నన్నాళ్లూ ఆమెకు సగం చీరే కలలోకి వచ్చేది. నాయన తన దగ్గరే కాచుకుని కూర్చున్నాడు, ఆయన మగ్గం కూడా ఆగిపోయింది. మరి ఇదెవరి పని?

అంతలో పక్కింటి యాదమ్మ మిరియాల చారు గిన్నెతో వచ్చింది. వచ్చి చంద్రకళను కావలించుకున్నట్టే కావలించుకుని చెవిలో గుసగుసలాడింది.

"నేనే నేసిన. ఎవ్వరికి చెప్పకు. మా ఆయనకు తెలిస్తే మన మగ్గం ఇడిసిపెట్టి ఆడికి ఎందుకు పోయినవని లొల్లి జేస్తడు."

యాదమ్మ గుసగుస వీధి చివరి దాకా వినిపిస్తుంది. గుమ్మంలో అప్పుడే చెప్పులు విడుస్తున్న, అదే వీధిలో ఉండే భీమమ్మ ఆ మాట విని అక్కడే ఆగిపోయింది.

"ఏందే యాదమ్మా, నువ్వు నేసినవా? మరి నేను నేసింది ఏంది?"

"నువ్వెప్పుడు నేసినవు?"

"పగటీలి మీ ఇంట్ల అందరు అన్నాలు తినేటప్పుడు వచ్చిన. ముసలామెను అడుగు!"

ముసలామె ఇంకా దూలాలే చూస్తోంది. వాళ్లిద్దరి వెనక ఎదురింటి కోడలు జంగమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది. నాగర్‌కర్నూలు దగ్గరి పల్లె నుంచి ఈ వీధికి కోడలుగా వచ్చి, నేత నేర్చుకుని ఇంకా ఏడాది కాలేదు. ఆ కళ్లల్లో భయం చూడగానే చంద్రకళకు అర్థమైపోయింది.

"వదినా, నువ్వు గూడనా?"

జంగమ్మ తల ఊపింది.

"అవ్వా! అందరు వచ్చిపోతుంటే నువ్వేం జేసినవు? చెప్పొద్దా?"

"ఎట్ల చెప్తనే? ఎవ్వరికి చెప్పొద్దని ముగ్గురు నా చేతిల ఒట్టేయించుకునిరి," అంది సాయమ్మ. "వచ్చినోళ్లకు అంచుకాడ నాడె అందించిన, తినబెట్టిన, పంపిచ్చిన. మాట దప్పలే."

గద్వాల చీరకు అంచు ఒక రంగు పట్టు, ఒళ్లు ఇంకో రంగు నూలు కాబట్టి, అంచు దగ్గర రెండో నాడె, అంటే అడ్డపోగు మోసుకుపోయే కొయ్య, అందించడానికి పక్కన ఇంకో మనిషి ఉండాలి. ఆ మనిషి అవ్వే. అంటే ముసలామెకు మొదటి నుంచీ మొత్తం తెలుసు. చంద్రకళకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చేసింది. జ్వరం తగ్గిన ఒళ్లు కదా, ఏది ముందొస్తే అది చేస్తుంది.

కురుమూర్తి మాత్రం నవ్వలేదు. మగ్గం దగ్గర కూర్చుని చీర కోశాడు. రెండు చేతులా పట్టుకుని దర్వాజ వెలుతురుకు ఎత్తి చూశాడు.

నేత ఇళ్లలో పుట్టని వాళ్ల కోసం ఒక్క మాట. నాడె అటూ ఇటూ పోయిన ప్రతిసారీ నేసేవాళ్లు పలక లాగి పోగును ఒక దెబ్బ కొట్టి కూరుస్తారు. ఆ దెబ్బ ఒక్కో చేతికి ఒక్కో రకం. ఒకరిది గట్టిగా పడుతుంది, ఒకరిది మెత్తగా పడుతుంది. అందుకే చీర మొదలుపెట్టిన చెయ్యే చీర ముగించాలి. ఈ సంగతి ఆ వీధిలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. మరి ఈ పెద్దవాళ్లకు తెలియదా? తెలుసు. తెలిసే కూర్చున్నారు. ఎవరికి వాళ్లు, చంద్రకళ చెయ్యీ నా చెయ్యీ ఒకటే కదా, నా కళ్ల ముందు పెరిగిన పిల్లే కదా అనుకున్నారు. రోజూ గుడ్డ పెరుగుతుంటే ముసలామె నేస్తోందేమో అనుకున్నారు. అభిమానం ఎక్కువైనప్పుడు మనుషుల బుర్ర అలాగే పనిచేస్తుంది.

వెలుతురు పడగానే బండారం బయటపడింది. చంద్రకళ నేసిన సగం ఒకే తీరుగా మెరుస్తోంది. అక్కడి నుంచి మందంగా ఒక పట్టీ, దాని పక్కన పల్చగా జల్లెడలా ఒక పట్టీ, మళ్లీ మందం, మళ్లీ పలచన. అడ్డంగా గీతలు గీసినట్టుంది. అరిటాకు పచ్చ రంగులో అంత అందమైన చీరకు మచ్చలు పడ్డట్టయింది.

యాదమ్మ నోరు మూసుకుంది. అలా ఆమె నోరు మూసుకోవడం ఆ వీధి ఎప్పుడూ ఎరగదు.

"మంచిగనే ఉన్నది బిడ్డా," అన్నాడు కురుమూర్తి. ఆయనకు అబద్ధం ఆడటం చేతకాదు. చీరను మడతపెట్టి కూతురి ఒళ్లో పెట్టి, తలమీద ఒకసారి చెయ్యి ఉంచాడు. తర్వాత తువ్వాల భుజాన వేసుకుని చెప్పులు తొడుక్కున్నాడు. "నువ్వు జర పండుకో. నేనిప్పుడే వస్త."

బీడీ కోసమేమో అనుకుంది చంద్రకళ. ఆ గుండెల్లో ఏముందో అప్పుడు ఆలోచించే స్థితిలో ఆమె లేదు.

*

సుల్తానాబీ మధ్యాహ్నం బస్సుకు దిగింది. వనపర్తిలోనూ నాగర్‌కర్నూలులోనూ ఇల్లిల్లూ తిరిగి చీరలమ్మే మనిషి. నల్ల బురఖా, ముఖం మీది తెర వెనక్కి వేసుకుని, ఒక చేతిలో పాన్‌డబ్బా, ఇంకో చేతిలో పెద్ద గుడ్డ సంచి. నచ్చితే అక్కడికక్కడే పైసలు చేతిలో పెడుతుంది, నచ్చకపోతే దేవుడు దిగివచ్చినా కొనదు. గద్వాల నేతగాళ్లు సేట్ల కంటే ఆమెకే ఎక్కువ భయపడతారు.

"ఏం బేటీ, ఏందిట్ల చిక్కిపోయినవు? ఆ కండ్లేంది? తోబా తోబా! ముందు ఇది తిను," అని సంచిలోంచి జామకాయ తీసి చంద్రకళ చేతిలో పెట్టింది. ఆ తర్వాతే చాప మీద కూర్చుని, "చూపియ్యి," అంది.

మూలకు ఒదిగి నిలబడిన ముగ్గురు ఆడవాళ్లు ఊపిరి బిగబట్టారు. మడత ఎటు వేసి ఇవ్వాలో, ఏ వైపు పైకి పెట్టాలో చంద్రకళకు తెలుసు. వెలుతురుకు ఎత్తకపోతే ఆ గీతలు తొందరగా కనబడవు. ఇంటికి తీసుకుపోయాక బయటపడితే అప్పటికి శనివారం దాటిపోతుంది, ఫీజు కట్టేసి ఉంటుంది. ఈ ఆలోచన ఆమెకు రాలేదని నేను చెప్పను. వచ్చింది. వచ్చినందుకు సిగ్గేసింది కూడా.

"ఖాలమ్మా," అంది చీర ఇవ్వకముందే. "సగం నుంచి ఖరాబైంది. ముందే చెప్తున్న. వెలుతుర్ల పట్టి చూడు."

సుల్తానాబీ చూసింది. చేత్తో తడిమింది. మళ్లీ చూసింది. ఆమె ముఖం నల్లబడింది.

"ఎవరు చేసిండ్రు గిట్ల?"

అంతే. మూలన ఊపిరి బిగబట్టిన వాళ్లందరికీ ఒక్కసారి మాటలొచ్చాయి.

"నా జానెడు మంచిగున్నది బీబీ, చూడు, గట్టిగున్నది!" అంది యాదమ్మ.

"గట్టిగా? రాయి లెక్క ఉన్నది. మొగుని మీద కోపమంత పలక మీద తీసినవు," అంది భీమమ్మ. "నాది చూడు. నున్నగున్నది."

"నున్నగనే ఉన్నది, పోగు పోగుకు నడుమ చీమ దూరుతది!"

జంగమ్మ ఒక్కతే ఏమీ అనలేదు. ఆమె పట్టీ దగ్గర అంచు వంకర పోయింది, ఇక అనడానికేముంది!

"కొత్త డిజైనని చెప్పరాదు బీబీ?" అంది యాదమ్మ ఆశగా. "పట్నంల గిట్లనే గీతలు గీతలు కడుతున్నరట."

"గట్ల చెప్తే ఇయ్య," అంది చంద్రకళ. "ఏమున్నదో అదే చెప్పి అమ్మాలె."

"ఉన్నది చెప్పి అమ్మితే నేను ఇన్నేండ్లు బతికేదాన్ననా?" అని సుల్తానాబీ విసుక్కుంది. కానీ ఆ పిల్ల ముఖం చూసేసరికి విసుగు నిలవలేదు. పాన్‌డబ్బా తెరిచి, ఏదో ఆలోచించి మళ్లీ మూసింది. "ఆ పెండ్లోళ్లకు ఇది పనికిరాదు బేటీ. వాళ్లు చీరను సూర్యునికి పట్టి చూస్తరు. వాళ్ల చీరకు వేరే మగ్గం చూసుకుంట. నీ ఫీజుకు పరేషాన్ గాకు. పైసలు నేనిస్త. ఇయ్యాలే ఇస్త. నిమ్మలంగ ఇంకో చీర నెయ్యి. అండ్ల కటాయించుకుంట."

ఆ మాటకు భీమమ్మ దేవుడికి దండం పెట్టింది. యాదమ్మ చంద్రకళను మోచేత్తో పొడిచింది, ఊ అను, ఊ అను అని. శనివారం ఎంతో దూరం లేదు. చంద్రకళ గొంతులో ఆ 'ఊ' సగం దాకా వచ్చింది కూడా. ఆమెకు కాలేజీ కావాలి. అబద్ధమెందుకు, అన్నం కంటే ఎక్కువ కావాలి. ఆ ఎత్తు కిటికీలు, బెంచీలు, చట్టాల పుస్తకాల లైబ్రరీ, దరఖాస్తు ఇవ్వడానికి వెళ్లిన రోజు చూసి వచ్చినప్పటి నుంచీ కళ్లలోనే తిరుగుతున్నాయి.

"వద్దు ఖాలమ్మా," అంది.

"ఏందే పొగరు?"

"పొగరు గాదు. ఎల్లన్న సేటు గూడ మంచోడే. ఎన్నడు మమ్మల్ని ఒక మాట అనలే. కానీ పదో తరగతి పాసైన రోజు నాయన నన్ను బీచుపల్లి గుడికి తోలుకపోతనన్నడు. సేటు చీర మగ్గం మీదున్నదని పోలే. తెల్లారి పోదామన్నడు. గట్ల ఏండ్లు పోయినయి, నేనింకా బీచుపల్లి చూడలే. సేటు వద్దనలే ఖాలమ్మా. మా నాయనే తనకు తాను వద్దు చెప్పుకున్నడు." చంద్రకళ కళ్లు తుడుచుకుంది. "నీ కాడ తీసుకుంటే నువ్వు అడగవు, నాకు తెల్సు. గదే భయం. నువ్వు అడగకుంటే నేనే నీ మొహం చూడలేక ఈ పక్క సందు నుంచి తప్పుకుంట. నాకు నువ్వు గావాలె. నీ పైసలు చీరకు ఇయ్యి, నాకియ్యకు."

సుల్తానాబీకి కోపమొచ్చింది, అభిమానమూ వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే ఆమె చీరలోకి తల దూర్చి వెతకడం మొదలుపెడుతుంది. అలా వెతుకుతూ ఒకచోట ఆగింది.

"ఇదేంది? ఈ మామిడి పిందె తలకిందులున్నదేంది?"

చీర ఒంటి నిండా చిన్న చిన్న మామిడి పిందెలు, అన్నీ ఒకే వైపు తొడిమతో. చివర బెత్తెడు గుడ్డలో మాత్రం ఒక్క పిందె తలకిందులుగా ఉంది. యాదమ్మ భీమమ్మను చూసింది. భీమమ్మ జంగమ్మను చూసింది. జంగమ్మ గబగబా తల అడ్డంగా ఊపింది.

"నాది," అంది సాయమ్మ.

అందరూ అటు తిరిగారు. ముసలామె ఇప్పుడు దూలాల వైపు చూడటం లేదు.

"ఆఖరి బెత్తెడు మిగిలింది. ఎవ్వరు రాకపోయిరి. పిల్ల సీటు పోతదని నేనే దిగిన, అంచు నాడె గూడ ఒక్కదాన్నే లేసి లేసి అందుకున్న. కండ్లు కానరాలే, పిందె ఎటు పోయిందో తెల్వలే. కోడలు పోయినంక మళ్ల మగ్గంల కాలు పెట్టలే నేను. దాని కాడ కూసుంటే అదే పక్కన ఉన్నట్టుంటుండె. అందుకే పోకుంటి. ఇప్పుడు దాని బిడ్డ కోసం పోయిన."

చంద్రకళ లేచి వెళ్లి అవ్వ మెడ చుట్టూ చేతులు వేసింది. తల్లి పోయాక ఆ ఇంట్లో ఆమె మాట ఇంత బాహాటంగా ఎవరూ ఎత్తలేదు. జంగమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. యాదమ్మ, నువ్వెందుకేడుస్తున్నవే అని కసిరి తనూ ఏడ్చింది.

సుల్తానాబీ చీర మడత పెట్టింది. ఎంతో జాగ్రత్తగా, పెళ్లి చీర మడతపెట్టినట్టు పెట్టింది.

"నేను కొంట."

"ఖాలమ్మా, జాలి పడి..."

"జాలి ఎవరికున్నదే? నేను యాపారం చేసేదాన్ని. మా సఫియా పెండ్లి కుదిరింది, చెప్పలేదా నీకు? ఇన్నేండ్లు ఊరూరు తిరిగి అందరి బిడ్డలకు గద్వాల చీరలు కట్టబెట్టిన. నా బిడ్డకు ఒక్కటి కొననీకె చెయ్యి రాలే. ఎందుకంటే కొన్న ప్రతి చీర లాభానికి అమ్ముకుంటి. ఇది ఎట్లాగు అమ్ముడుపోదు. కాబట్టి నా బిడ్డ కడుతది. మా వియ్యపురాలు సూర్యునికి పట్టి చూసే రకం గాదు, దానికి సరిగ కండ్లు గూడ కానరావు. అనుకున్న ధరకే తీసుకుంట."

"అనుకున్న ధర మంచి చీరకు. ఇది ఖరాబైన చీర. సగానికి తీసుకో."

"సగమా? పట్టు ఎంత పడ్డదో నాకు తెల్వదా? ఆ మాటే మాట్లాడకు. పూర్తి ధర."

"నాలుగోవంతన్న తగ్గించుకో."

"తగ్గించుకోను!"

"అయితే ఇయ్యను!"

వీధిలో పోయేవాళ్లు ఆగి కిటికీలోంచి తొంగి చూశారు. అమ్మే మనిషి తగ్గిస్తానంటోంది, కొనే మనిషి పెంచుతానంటోంది, ఇద్దరూ పోట్లాడుకుంటున్నారు. గద్వాల ఎన్నో బేరాలు చూసింది కానీ ఇటువంటి బేరం చూడలేదు.

"ఓసి నీ లా కాలేజీ నాశనంగాను!" అని యాదమ్మ నెత్తి కొట్టుకుంది. "నువ్వే తగ్గించుకుంట పోతే ఫీజు ఎట్ల కడుతవే?"

చివరికి భీమమ్మ మధ్యలో కూర్చుని తెంచింది. ఫీజుకు ఎంత కావాలో అంత. ఒక్క రూపాయి ఎక్కువ లేదు, ఒక్క రూపాయి తక్కువ లేదు. పట్టు నూలు ఖర్చు చంద్రకళకు రాదు. వచ్చే ఏడాది చీరకు నూలెక్కడ తేవాలో అది వచ్చే ఏడాది సంగతి. ఈ తీర్పుకు రెండు పక్షాలూ గొణుక్కుంటూ ఒప్పుకున్నాయి.

సుల్తానాబీ బురఖా లోపల్నుంచి పైసల సంచి తీసి లెక్కపెట్టి చంద్రకళ చేతిలో పెట్టింది. ఆ చేతిని వదలలేదు.

"ఇన్నేండ్ల యాపారంల నన్ను గిట్ల ఓడించినోళ్లు లేరు. నువ్వు చదవకున్నా వకీలువే. అయినా చదువు. మా సఫియా అత్తగారిల్లు ఎట్లుంటదో ఏమో, నీ పని పడుతదేమో ఎవరికి తెల్సు?"

చంద్రకళకు ఒళ్లంతా తేలికైపోయింది. ఇది అప్పు కాదు, దానం కాదు. నేసినదానికి వచ్చిన ధర. నాలుగు ఇళ్ల చేతులు పడ్డ గుడ్డ అయితేనేం, దాన్ని దాచకుండా చూపించి అమ్ముకున్న పైసలు. నాయనకు చూపించాలి. ఆ ముఖంలో నవ్వు చూడాలి. ఈ ఆదివారం బీచుపల్లికి పోదామని అడగాలి, ఈసారి కాదనడు.

"అవ్వా, నాయిన యాడున్నడు? పొద్దున పోయిండు, ఇంకా రాలే."

సాయమ్మ మళ్లీ దూలాల వైపు చూసింది.

చంద్రకళ అవ్వ భుజాలు పట్టుకుంది. "అవ్వా! ఎవ్వరికి చెప్పొద్దన్నడా?"

ఇంతసేపు ఒక్క మాట దప్పని మనిషి ఇప్పుడు దప్పింది.

"ఎల్లన్న సేటింటికి పోయిండు బిడ్డా. పోయేటప్పుడు వాకిట్ల నా చెవిల చెప్పిండు. చీర ఖరాబైందని చూసినంక ఇంకేం జేస్తడు? బిడ్డ సీటు కంటే ఒట్టు పెద్దది గాదన్నడు. నువ్వు ఫీజు కట్టొచ్చినంకనే చెప్పమన్నడు."

*

జ్వరం నుంచి లేచిన కాళ్లు కదా, పరిగెత్తమంటే పరిగెత్తవు. అయినా పరిగెత్తింది. వెనక యాదమ్మ, భీమమ్మ, జంగమ్మ, వాళ్ల వెనక బురఖా పైకి పట్టుకుని సుల్తానాబీ. ఏమైంది ఏమైందని అడుగుతూ వీధి సగం వాళ్ల వెంట పడింది.

సేట్ల దగ్గర బయానాకు కాగితాలుండవు, సంతకాలుండవు. ఆ వీధిలో తాతల నాటి నుంచి ఒకటే పద్ధతి. సేటు నేతగాడికి పైసలిచ్చి, తన పడుగు నూలు చుట్టను అతని భుజానికెత్తుతాడు. ఆ చుట్టతో నేతగాడు సేటు గడప దాటితే మాట అయిపోయినట్టే. ఆ బయానా తీరేదాకా ఆ మగ్గం మీద ఇంకెవరి పోగూ ఎక్కదు. దాటాక వెనక్కి ఇచ్చిన వాడు ఇంతవరకు లేడు.

చంద్రకళ సేటు ఇంటి ముందుకు వచ్చేసరికి, పొద్దుటి నుంచి సేటు కోసం కాచుకుని కూర్చున్న కురుమూర్తి దర్వాజలో కనిపించాడు. భుజాన తెల్లని పడుగు చుట్ట ఉంది. ఒక కాలు గడప మీద పెట్టి, రెండో కాలు ఎత్తబోతున్నాడు.

"నాయినా! కాలు బయట పెట్టకు!"

ఆ కేకకు కురుమూర్తి ఉన్నచోటే ఆగిపోయాడు. చంద్రకళ చేతిలోని పైసలు పైకెత్తి చూపించింది. "చీర అమ్ముడువోయింది. ఫీజుకు వచ్చింది. ఆ పడుగు దించు నాయినా, సేటు పైసలు సేటుకిచ్చెయ్యి!"

కురుమూర్తి కళ్లు ఆ పైసల మీద నిలిచాయి. ముఖం విప్పారింది, అంతలోనే వాడిపోయింది. వెనక నుంచి ఎల్లన్న సేటు వచ్చి నిలబడ్డాడు. చంద్రకళను పుట్టినప్పటి నుంచీ ఎరిగిన మనిషి, ఎప్పుడు కనబడ్డా 'ఏం వకీలమ్మా' అని పలకరించే మనిషి. ఇప్పుడూ ఆ గొంతులో కోపం లేదు.

"ఆలస్యమైంది బిడ్డా. పైసలు జేబుల పడ్డయి, పడుగు భుజం మీదికెక్కింది. పండుగ చీరలు ఒప్పుకున్న నేను, మీ నాయన మగ్గాన్ని నమ్ముకుని."

"గడప దాటలే గద సేటూ!"

"దాటినట్టే లెక్క."

"దాటినట్టు వేరే, దాటుడు వేరే!"

గుంపులో ఎవరో అవునవును అన్నారు. ఇంకెవరో కాదు కాదు, భుజం మీదికెక్కితే అయిపోయినట్టే అన్నారు. ఎల్లన్న సేటు గడ్డం నిమురుకుంటూ కాసేపు ఆ పిల్లను చూశాడు. ఆయన పెదవి మీదికి ఒక చిన్న నవ్వు వచ్చింది.

"సరే వకీలమ్మా. వీధి అంతా ఈడనే ఉన్నది. వీళ్ల ముందర వాదించు. నీదే న్యాయమని వీళ్లంటే పడుగు నేనే దించుకుంట, కిక్కురుమనను. కానీ నువ్వు ఓడితే, నా పడుగు నేసేది మీ నాయన గాదు, నువ్వు. బయానా తీరేదాక. ఒప్పుకుంటవా?"

యాదమ్మ వద్దని చంద్రకళ రెక్క పట్టుకుంది. దర్వాజలో కురుమూర్తి ముఖం తెల్లగా పాలిపోయింది. కూతుర్ని పందెం కాయనిచ్చే తండ్రి కాదు ఆయన. తాను గడప దాటేస్తే వాదనా ఉండదు, పందెమూ ఉండదు. ఆ సంగతి ఆయనకు తట్టింది.

"ఒద్దు బిడ్డా. నా కోసం నువ్వు ఇరుక్కోకు. ఫీజు కట్టుకో, పో," అని పడుగు సర్దుకుని రెండో కాలు ఎత్తాడు.

చంద్రకళ యాదమ్మ చెయ్యి విదిలించుకుంది. ఒక్క అంగలో ముందుకు దూకి, గడప అవతల తండ్రి కాలు పడాల్సిన బండ మీద సరిగ్గా కూర్చుంది.

"దాటాలంటే నన్ను తొక్కి దాటు నాయినా," అంది. తర్వాత తల ఎత్తి ఎల్లన్న సేటు వైపు చూసింది.

"ఒప్పుకున్న సేటూ. మొదలు పెట్టాల్నా?"